రూబెలైట్‌లో గీతలుంటే నకిలీ అనుకోవాలా?

మీ 4 క్యారెట్ల రూబెలైట్ లోపల గీతలున్నాయని, బల్బు కింద గోధుమరంగుకు తిరుగుతోందని అడిగారు. గీతల్ని చూసి భయపడకండి. రూబెలైట్ అంటే టూర్మలిన్ అనే రత్నంలో ఎర్ర రకం, అందులో అవి మామూలే. అసలు ఏ గీతా లేని పెద్ద రాయి చవగ్గా దొరికితేనే అనుమానించాలి.

పది రెట్ల భూతద్దంతో పైముఖం గుండా వెనుక అంచుల్ని చూడండి. రాయిని అటూఇటూ వంచుతుంటే ఏదో ఒక కోణంలో అంచులు జంటగా కనిపించాలి. గాజులో ఎటు తిప్పినా ఒంటిగానే ఉంటాయి, తరచూ గుండ్రటి బుడగలు కూడా కనిపిస్తాయి. తర్వాత నీళ్లలో వేలాడదీసి తూచండి: 4 క్యారెట్ల టూర్మలిన్ సుమారు 1.3 క్యారెట్లు తగ్గుతుంది, కెంపైతే సుమారు 1.

గోధుమ ఛాయ మాత్రం ధరకు సంబంధించినది. పగటి వెలుగులోనూ బల్బు కిందా ఎరుపు నిలిచే రాయినే వ్యాపారంలో రూబెలైట్ అంటారు. మీది పింక్ టూర్మలిన్ కావచ్చు, రూబెలైట్ ధర పెట్టకండి.

పైకి తేలిన పగుళ్లలో రెసిన్ (జిగురులాంటి పదార్థం) నింపి ఉండొచ్చు, ల్యాబ్ రిపోర్టులో ఆ మాట ఉందేమో చూడండి. అల్ట్రాసోనిక్ (ధ్వని కంపనాలతో శుభ్రం చేసే) యంత్రంలో గానీ, ఆవిరితో గానీ అస్సలు శుభ్రం చేయించకండి. గోరువెచ్చని సబ్బునీళ్లు చాలు.