పెడల్ తొక్కితే స్పీకర్ పోతుందా?

ప్రశ్న: గిటార్ కోసం కొత్తగా డిస్టార్షన్ పెడల్ (శబ్దాన్ని కావాలని గరుకుగా మార్చే, కాలితో నొక్కే డబ్బా) కొన్నాను. ఆన్ చేయగానే స్పీకర్ చిరిగిపోతున్నట్టు శబ్దం వస్తోంది. నిజంగానే పాడవుతుందా?

ఆ శబ్దం కోసమే కదండీ కొన్నారు! ఒకప్పుడు ఈ బరబర కావాలని స్పీకర్ కోన్‌ని కోసుకున్నవాళ్లు, పొడుచుకున్నవాళ్లు ఉన్నారు. ఆ పనిని సర్క్యూట్‌తో చేసే మాయెస్ట్రో ఫజ్-టోన్ పెడల్ 1962లో వచ్చింది. అంటే పెడల్ లోపలే సిగ్నల్ అలల పై, కింది చివర్లు తెగి ఆ గరగర పుడుతుంది, స్పీకర్ దాన్ని వినిపిస్తుందంతే.

అలాగని ఫుల్ వాల్యూమ్ పెట్టేయమని కాదు. చివర్లు పూర్తిగా తెగి చదునైన సిగ్నల్, అదే ఎత్తున్న మామూలు సిగ్నల్ కంటే రెట్టింపు పవర్ మోస్తుంది, ఆ వేడంతా స్పీకర్ లోపలి తీగచుట్ట, అంటే కాయిల్ మీదే పడుతుంది. పెడల్ మీది లెవెల్ నాబ్‌ని సున్నా నుంచి మొదలుపెట్టి, ఆపినప్పుడు ఎంత వినిపిస్తోందో ఆన్‌లోనూ అంతే వినిపించేలా తిప్పుకోండి. పెడల్ పూర్తిగా తీసేసి, ఆంప్‌ని (యాంప్లిఫయర్) డిస్టార్షన్ లేని క్లీన్‌లో పెట్టి, తక్కువ వాల్యూమ్‌లో వాయించినా గరగరమంటే మాత్రం అప్పుడు స్పీకర్‌ని అనుమానించండి.

ప్రశ్న: పెడల్‌తో అడాప్టర్ రాలేదు. పాత వైఫై రౌటర్‌ది పిన్ సరిగ్గా పట్టింది. వాడొచ్చా?

పిన్ పట్టింది కదా అని నేనూ ఒకసారి పెట్టాను, రెండు సెకన్లలో కాలిన వాసన వచ్చింది. అదృష్టం కొద్దీ లోపల డయోడ్ ఒక్కటే పోయింది, మార్పిస్తే పెడల్ బతికింది. చాలా పెడల్స్‌కి కావాల్సింది 9 వోల్టుల డీసీ, అదీ పిన్ మధ్యలో మైనస్ ఉండాలి. రౌటర్ అడాప్టర్లు ఎక్కువగా 12 వోల్టులవి, మధ్యలో ప్లస్ ఉంటుంది, అంటే రెండు తప్పులూ ఒకేసారి చేసినట్టు. సాకెట్ పక్కన చిన్న బొమ్మ ఉంటుంది చూడండి: మధ్యలో చుక్క, చుట్టూ తెరుచుకున్న వలయం. చుక్క నుంచి వెళ్లే గీత మైనస్ గుర్తుని తాకితే మధ్యలో మైనస్ అన్నమాట, అడాప్టర్ మీద కూడా అచ్చం అదే బొమ్మ ఉండాలి. అడాప్టర్ మీది మిల్లీఆంప్స్ (ఎంత కరెంటు ఇవ్వగలదో చెప్పే అంకె) మాత్రం ఎక్కువున్నా ఫర్వాలేదు, పెడల్ తనకు కావాల్సినంతే లాక్కుంటుంది. తక్కువైతేనే తంటా, ఎందుకంటే ఓవర్‌డ్రైవ్ (తేలికపాటి డిస్టార్షన్) లాంటివి పది, ఇరవైతో సరిపెట్టుకున్నా, ప్రతిధ్వని, గది మోత తెచ్చే డిజిటల్ డిలే, రివర్బ్‌లలో కొన్ని 100 నుంచి 300 దాకా అడుగుతాయి.

ప్రశ్న: ట్యూబ్ ఆంప్ హెడ్ (వాక్యూమ్ ట్యూబులతో నడిచే, స్పీకర్ లేని ఆంప్ డబ్బా) ఉంది. వెనక స్పీకర్ అవుట్ నుంచి డిలే పెడల్‌కి, అక్కణ్నుంచి క్యాబినెట్‌కి (స్పీకర్ ఉండే పెట్టె) కలపాలనుకుంటున్నాను. ఓకేనా?

వద్దండీ, ఆ కేబుల్ పక్కన పెట్టేయండి. గిటార్ నుంచి వచ్చేది మహా అయితే వోల్టు, అరవోల్టు. 50 వాట్ల ఆంప్ ఫుల్‌లో 8 ఓమ్స్ స్పీకర్‌కి పంపేది దాదాపు 20 వోల్టులు. పెడల్ మాడుతుంది సరే, స్పీకర్ ఉండాల్సిన చోట పెడల్ ఉండటంతో ఆంప్‌కి లోడ్ లేనట్టే అవుతుంది, అప్పుడు ట్యూబ్ ఆంప్‌లో అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కూడా పోవచ్చు. హెడ్ వెనక సెండ్, రిటర్న్ అని రెండు సాకెట్లుంటే డిలే వాటి మధ్యలో పెట్టండి, లేకపోతే గిటార్‌కీ ఇన్‌పుట్‌కీ మధ్యలో. క్యాబినెట్‌కి మాత్రం స్పీకర్ కేబులే వాడండి. గిటార్ కేబుల్ జాక్ కూడా అలాగే ఉంటుంది కానీ లోపలి తీగ సన్నం. ఓమ్స్ సెలెక్టర్‌ని క్యాబినెట్ మీద రాసిన అంకె దగ్గరే పెట్టండి.

ప్రశ్న: ఆంప్ లేదు. పెడల్‌ని హోమ్ థియేటర్ ఆక్స్‌లో పెట్టొచ్చా?

పెట్టొచ్చు కానీ డబ్బాలో తేనెటీగలు పడ్డట్టు వినిపిస్తుంది. గిటార్ స్పీకర్ 5 కిలోహెర్ట్జ్ దాటాక పెద్దగా పలకదు కాబట్టి డిస్టార్షన్‌లోని ఆ రొద అక్కడే ఆగిపోతుంది, మీ సెట్‌లో అయితే అదంతా నేరుగా ట్వీటర్ మీదకు వెళ్తుంది, పాపం దానికేమో అంత ఓపిక ఉండదు. మధ్యలో క్యాబ్ సిమ్యులేటర్ (గిటార్ క్యాబినెట్ పలికే తీరుని అనుకరించే పరికరం) పెట్టండి, వాల్యూమ్ సున్నా చేశాకే జాక్ దూర్చండి. ఒకవైపే మోగితే టెన్షన్ పడకండి, పెడల్ మోనో.

ప్రశ్న: నాలుగు పెడల్స్ ఒకే అడాప్టర్‌తో నడుపుతున్నాను. గుంయ్‌మని హమ్ వస్తోంది. ఆంప్ ప్లగ్‌లో ఎర్త్ పిన్ తీసేస్తే పోతుందంటున్నారు.

హమ్ పోవచ్చు, ఆంప్‌లో ఏదైనా లోపం వచ్చిన రోజు మీ చేతిలో ఉన్న తీగలకి కరెంటూ రావచ్చు. ఎర్త్ ముట్టుకోవద్దు. ఆంప్‌నీ అడాప్టర్‌నీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డు మీదకి తెచ్చి చూడండి. తగ్గకపోతే డిజిటల్ పెడల్‌ని విడదీసి వేరే అడాప్టర్ ఇవ్వండి, చాలాసార్లు గోల దానిదే. అప్పటికీ వదలకపోతే ప్రతి అవుట్‌పుట్ విడిగా ఉండే ఐసోలేటెడ్ పవర్ సప్లై కొనుక్కోండి.