చెల్లెలి గురించి మీరు రాసింది రెండు వాక్యాలే

శ్రీకాళహస్తి నుంచి ఒక కలంకారీ కళాకారిణి నాలుగు పేజీల ఉత్తరం రాశారు. వయసు 62. పెళ్లి చేసుకోలేదు. ఆవిడకు 19 ఏళ్లప్పుడు నాన్న పోతే, ఇద్దరు తమ్ముళ్లనీ చెల్లెలినీ కలంకారీ పని చేసే పెంచారు. వచ్చే నెల పెద్ద తమ్ముడి షష్టిపూర్తి. ఆ సందర్భంగా అతని కొడుకు కుటుంబ చరిత్ర పుస్తకం అచ్చు వేయించాడు. అందులో ఈవిడ గురించి ఉన్నది ఇంతే: "పెద్ద కుమార్తె కళకే జీవితాన్ని అంకితం చేసి అవివాహితగా ఉండిపోయారు." షష్టిపూర్తికి వెళ్లాలా, మానాలా అని అడుగుతున్నారు.

అమ్మా,

వెళ్లాలనిపిస్తే వెళ్లండి, లేదంటే మానేయండి. వెళ్తే పట్టుచీర పెట్టి ముందు వరసలో కూర్చోబెడతారు. మానేస్తే "అక్కకు కోపం వచ్చింది" అని రెండు రోజులు చెప్పుకుంటారు. ఏది చేసినా మీ మనసులో ముల్లు అలాగే ఉంటుంది. అందుకే ఆ ప్రశ్నని ఇక్కడితో వదిలేస్తున్నాను.

ఆ వాక్యం చదివితే నాకూ కోపం వచ్చింది. "అంకితం" అనే మాట ఎంత తేలిగ్గా రాసేశారు! హస్తకళలను నిలబెట్టడానికి పాటుపడిన కమలాదేవి చట్టోపాధ్యాయ చొరవతో మీ ఊళ్లో పెట్టిన శిక్షణ కేంద్రంలో మీ నాన్నగారు పని నేర్చుకున్నారు, మీకు నేర్పారు, అర్ధంతరంగా పోయారు. ఆ తర్వాత పెద్ద తమ్ముడి ఇంజనీరింగ్ ఫీజు, చిన్నవాడి హాస్టల్ ఖర్చు, చెల్లెలి పెళ్లి, అమ్మగారి మందులు అన్నీ ఆ వెదురు కలం సంపాదించి పెట్టినవే. 24 ఏళ్లకు ఒక సంబంధం, 27 ఏళ్లకు ఇంకొకటి వచ్చాయని రాశారు. రెండుసార్లూ అమ్మగారు "తమ్ముళ్ల చదువులు కానీ" అన్నారు. అంటే మీ సంపాదన ఆ ఇంటికి కావాల్సి వచ్చి పెళ్లి ఆగింది. ఇంటి కోసం నిలబడ్డ మనిషిని కళ కోసం ఉండిపోయిందని రాస్తే, ఆ బాకీని పుస్తకంలోంచి కొట్టేసినట్టే. చేసినదానికి లెక్క అడగకూడదని పెద్దవాళ్లు అంటారు. నేను ఒప్పుకోను. డబ్బు వెనక్కి అడగరు సరే, జరిగింది జరిగినట్టు చెప్పమని అడిగే హక్కు మీకు ఉంది.

కానీ మీ ఉత్తరం మూడోసారి చదివేసరికి నా దృష్టి మీ తమ్ముడి మీద లేదు. నాలుగు పేజీల్లో మూడున్నర పేజీలు ఆయన గురించే రాశారు. చెల్లెలి గురించి ఎంత రాశారో ఒకసారి చూసుకోండి. "చెల్లెలు కూడా చిన్నప్పుడు కాస్త సాయం చేసేది, పెళ్లయ్యాక అత్తగారింట్లో కలం పట్టనివ్వలేదు. పుస్తకం సంగతి చెబితే 'పోనీలే అక్కా' అంది, అప్పట్నుంచి దాని ఫోన్ ఎత్తడం లేదు." అంతే.

కాస్త సాయమా? ఎంత డబ్బు ఇస్తామన్నా అమ్మకుండా దాచుకున్న రామాయణం తెర గురించి మీరే రాశారు. పన్నెండు అడుగుల బట్ట, 1984లో ఐదు నెలలు పట్టింది, "పూర్తిగా నా చేత్తో వేసింది" అన్నారు. ఆ పని ఎలా జరుగుతుందో నేను మీకు చెప్పక్కర్లేదు. కరక్కాయ నూరి గేదె పాలలో కలిపి బట్టను ముంచి ఆరేయాలి. ఇనప తుక్కును బెల్లం నీళ్లలో రోజుల తరబడి ఊరబెడితేగానీ నలుపు రాదు. పటిక పూయాలి, ఉడకబెట్టాలి, మళ్లీ మళ్లీ పారే నీళ్లలో ఉతకాలి. తడిసి బరువెక్కిన పన్నెండు అడుగుల బట్టని స్వర్ణముఖి నది నీళ్లలో ఒక్క మనిషి పట్టుకోలేదమ్మా. రెండో కొస ఎవరు పట్టుకున్నారు? మీరు గీతలు గీస్తుంటే లోపల రంగులు నింపింది ఎవరు? మీరు చెప్పిన వయసుల లెక్కన అప్పుడు ఆ పిల్లకి పదిహేడేళ్లు.

గీత గీసిన చేతికి పేరొస్తుంది. ఉతికిన చేతుల్ని, పొయ్యి ముందు కూర్చున్న చేతుల్ని ఎవరూ అడగరు. మీ తమ్ముడి కొడుకు మీ పట్ల చేసిన పనే, తెలియకుండా మీరు మీ చెల్లెలి పట్ల చేశారు. ఈ మాట మీకు కష్టంగా ఉంటుందని తెలుసు. అయినా చెప్పకుండా ఉండలేను.

ఆవిడ "పోనీలే" అన్నది మీ బాధ అర్థం కాక అని మీరు అనుకుంటున్నారు. నాకు అలా అనిపించడం లేదు. చేతిలోంచి కలం లాగేసుకున్న రోజు నుంచి నలభై ఏళ్లుగా ఆవిడ తనకు తాను చెప్పుకుంటున్న మాట అది. అంతకంటే ఓదార్పు మాట ఆవిడకి ఎవరూ నేర్పలేదేమో. మీకు పెళ్లి లేదు, కలం మిగిలింది. ఆవిడకి పెళ్లయింది, కలం పోయింది. మీరు ఆవిడని చూసి, ఆవిడ మిమ్మల్ని చూసి ఎన్నిసార్లు లోలోపల కుమిలిపోయారో మీ ఇద్దరికే తెలియాలి. తమ్ముళ్లు అప్పుడు చదువుల్లో ఉన్నారు, అమ్మగారు ఇప్పుడు లేరు. మీరు ఆ ఇంటిని ఎలా నిలబెట్టారో రోజూ పక్కనుండి చూసిన మనిషి ఇప్పుడు చెల్లెలు ఒక్కతే. మీరు ఎత్తనిది ఆవిడ ఫోనే.

ఇంటి సంగతి. షష్టిపూర్తి రోజునే అక్కచెల్లెళ్లు ఇద్దరూ ఇంట్లో వాటా వదులుకుంటున్నట్టు హక్కు విడుదల పత్రం మీద సంతకం పెట్టాలని తమ్ముడు అన్నాడని ఉత్తరం చివర్లో రాశారు. పెట్టకండి. అది నాన్నగారు సొంత డబ్బుతో కట్టిన ఇల్లు, ఆయనా అమ్మగారూ వీలునామా రాయకుండానే పోయారు అన్నారు. అలాంటప్పుడు 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం నలుగురిదీ సమాన వాటా. మీకు పావు, చెల్లెలికి పావు. పెళ్లి కాలేదని మీ వాటా తగ్గదు, పెళ్లయిందని ఆవిడ వాటా పోదు. కాగితాలు ముందు ఒక లాయర్‌కి చూపించండి. మీ వీలునామా కూడా రాసి పెట్టుకోండి. ఇద్దరు సాక్షుల సంతకాలు ఉండాలి, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. రాయకపోతే మీ తెరలు, మీ వాటా ఎవరికి వెళ్లాలో మీరు చెప్పినట్టు కాదు, చట్టం చెప్పినట్టు జరుగుతుంది.

మీ తమ్ముడు ఆ వాక్యం మారుస్తాడని నేను ఆశ పెట్టలేను. మీ ఇంటి కథ మీరే రాయండి, చెల్లెలితో కలిసి కూర్చుని రాయండి. ఆవిడ ఉండేది తిరుపతిలోనే కదా, బస్సులో గంట ప్రయాణం. ఫోన్ చేయొద్దు, వెళ్లండి. వెళ్లేటప్పుడు ఆ రామాయణం తెర తీసుకెళ్లి ఆవిడ ముందు పరవండి. ఏ బొమ్మలో రంగు తను నింపిందో ఆవిడని చూపించమనండి.