రక్తదాతల గ్రూపును ఏరియాలవారీగా మార్చేముందు

అమ్మాయీ,

ఆ పెద్ద వాట్సాప్ గ్రూపును ఏం చేయాలని అడిగావు. ఇప్పుడే మూసేయకు. అలాగని ఇలాగే నడపకు. వందల మందికి ఒకేసారి ‘అర్జెంట్, ఓ నెగెటివ్ కావాలి’ అని పెడితే, ఎవరో ఒకరు వెళ్తారులే అని అందరూ ఊరుకుంటారు. ఎప్పుడూ వెళ్లే పది మందే మళ్లీ వెళ్తారు, కొన్నాళ్లకు వాళ్లూ విసిగిపోతారు. తెలిసినవాళ్లు పేరు పెట్టి పిలిస్తేనే దాత కదులుతాడు.

ముందు రెండు వారాలు ఫోన్ల మీద కూర్చోండి. బ్లడ్ గ్రూపు, చివరిసారి ఇచ్చిన తేదీ, ఉండే ఏరియా, ఏ వేళకు రాగలరు అన్నవి రాసుకోండి. బ్లడ్ గ్రూపు నోటిమాటగా రాయొద్దు, డోనర్ కార్డు ఫోటో పంపమనండి. ఇక వద్దన్నవాళ్లకు థాంక్స్ చెప్పి పేరు తీసేయండి.

తర్వాత ఏరియాలవారీగా యాభై, అరవై మందికో గ్రూపు. బ్లడ్ గ్రూపులవారీగా విడగొడితే ఉప్పల్ మనిషిని కూకట్‌పల్లికి పరుగెత్తించాల్సొస్తుంది. ఒక్కో ఏరియాకు ఇద్దరు కోఆర్డినేటర్లు, అందులో ఒక్కరైనా ఆడవాళ్లు. ఒక్కరే ఉంటే పరీక్షలో, ట్రాన్స్‌ఫరో రాగానే ఏరియా మొత్తం పడుకుంటుంది. ఎవరిని పిలవాలో వాళ్లే తేల్చాలి. ప్రతిదానికీ నీ అనుమతి పెట్టకు.

రిజిస్టర్లో ‘మళ్లీ ఎప్పుడు’ అనే గడి తప్పనిసరి: మగవాళ్లకు 90 రోజులు, ఆడవాళ్లకు 120. నెగెటివ్ గ్రూపుల వాళ్ల లిస్టు విడిగా ఉంచు. వాళ్లను క్యాంపులో కూర్చోబెట్టేస్తే, వారం తిరిగేలోగా కేసు వచ్చినా పిలవలేం.

రిక్వెస్ట్ రాగానే కోఆర్డినేటర్ బ్లడ్ బ్యాంకుకు ఫోన్ చేసి నిర్ధారించుకోవాలి. మెసేజ్‌లో ఆసుపత్రి, బ్లడ్ బ్యాంకు, గ్రూపు, ఎన్ని యూనిట్లు, ఎన్నింటిలోగా అన్నవి చాలు. పేషెంటు పేరు, జబ్బు వద్దు. పని కాగానే ‘అయిపోయింది’ అని పెట్టి పాతది డిలీట్ చేయాలి. లేకపోతే అది మూడు రోజుల తర్వాత కూడా ఊళ్లు తిరుగుతుంది.

తలసీమియా (ఒంట్లో రక్తం సరిగా తయారుకాక, తరచూ ఎక్కించాల్సి వచ్చే పుట్టు జబ్బు) పిల్లలకు పిలుపు కోసం ఎదురుచూసే పద్ధతే వద్దు. మూడు వారాలకో యూనిట్ అంటే ఏడాదికి పదిహేడు. ఒక దాత ఏడాదికి నాలుగుసార్లకు మించి ఇవ్వలేడు కాబట్టి లెక్కకు ఐదుగురు చాలు. కానీ జ్వరాలు, ప్రయాణాలు ఉంటాయి కదా, ఒక్కో బిడ్డకు పది మందిని కేటాయించు. ఇచ్చిన రక్తానికి పరీక్షలు చేయడానికి టైం పడుతుంది గనుక వారం ముందే పిలవండి.

హిమోగ్లోబిన్ 12.5 లేదని వెనక్కి పంపినవాళ్లు, ఎక్కువగా అమ్మాయిలు, చిన్నబుచ్చుకుని మళ్లీ రారు. అదే రోజు ఫోన్ చేసి డాక్టర్‌కు చూపించుకోమని చెప్పు, రిజిస్టర్ పని అప్పగించు. మంచి కోఆర్డినేటర్లు వాళ్లలోంచే వస్తారు.

హీరో పుట్టినరోజుకు ఒకేసారి రెండు వందల యూనిట్లు తీయించకు. రక్తంలోంచి వేరుచేసే ప్లేట్‌లెట్లు (రక్తం గడ్డకట్టించే కణాలు) ఐదు రోజులే నిలుస్తాయి, ఆలోగా వాడకపోతే వృథా. నెలకో చిన్న క్యాంపు పెట్టు. కాలేజీలు మూతపడే మే నెలలో అపార్ట్‌మెంట్లు, బ్యాంకుల వాళ్లను ముందే మాట్లాడుకో.

దాతల ఆటో ఖర్చు సంస్థే ఇవ్వాలి. పేషెంటు వాళ్ల దగ్గర రూపాయి ముట్టొద్దు. రక్తం అమ్మకం మన దేశంలో 1998 నుంచీ నిషేధం.

ముందు రెండు ఏరియాల్లో మూడు నెలలు నడిపి చూడు. అన్ని ఏరియాలూ కుదిరాకే పాత గ్రూపును అడ్మిన్లు మాత్రమే రాసేలా మార్చు.