చిట్టికి, హార్డ్ డిస్క్ కొనే ముందు

చిరంజీవి చిట్టికి,

అత్త దీవెనలు.

నువ్వు ధర్మవరం వైపు వెళ్లి తోలుబొమ్మలాట రికార్డు చేయబోతున్నావని మీ నాన్న చెప్పాడు. నిమ్మలకుంటలో పెద్దవాళ్లను ఒప్పించి, పాతకాలంలోలా రాత్రి మొదలుపెట్టి తెల్లవారేదాకా ఆడించేలా మాట తీసుకున్నావట. ఆ సంగతి విన్నప్పటి నుంచి మా ఇంటికి ఎవరొచ్చినా అదే చెబుతున్నాను. మనింట్లో ఇలాంటి పని తలపెట్టినవాళ్లు ఇంతకుముందు లేరు తల్లీ.

మీ నాన్న అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. "ల్యాప్‌టాప్ నిండిపోయిందట, 4 టీబీ హార్డ్ డిస్క్ ఒకటి కొని అన్నీ అందులోకి మార్చేస్తుందట" అన్నాడు. ఇక నాకు టెన్షన్ పట్టుకుంది. ఫోన్ చేస్తే "సరే అత్తా, సరే అత్తా" అని పెట్టేస్తావు. అందుకే రాస్తున్నాను. కాస్త కూర్చుని చదువు.

4 టీబీది ఒకటి కొనకు. ఇంకొంచెం డబ్బు వేసి 2 టీబీవి రెండు కొను. ఈ ఉత్తరంలో మిగతావన్నీ మర్చిపోయినా ఫర్వాలేదు, ఇది మాత్రం మర్చిపోవద్దు.

ముందు ఎంత చోటు కావాలో చూద్దాం. నీ కెమెరా 4కేలో సెకనుకు 100 మెగాబిట్ల చొప్పున రాస్తే గంటకు 45 జీబీ అవుతుంది. ఆట ఆరు గంటలు సాగితే 270 జీబీ. తెర వెనక ఇంకో కెమెరా పెడతానన్నావట, అప్పుడు 540. నీ ల్యాప్‌టాప్‌లో ఉన్నదే మొత్తం 512 జీబీ. ఒక్క రాత్రికే చాలదు. సౌండ్ విడిగా తీసుకుంటే దానికి పెద్దగా పట్టదు, మంచి క్వాలిటీ వేవ్ ఫైలైనా గంటకు ఒక జీబీ చిల్లర. ఈ లెక్కన 2 టీబీలో, అంటే 2000 జీబీలో, నలభై గంటల పైచిలుకు వీడియో పడుతుంది. నీ మొదటి విడతకు అది సరిపోతుంది. డిస్క్ తగిలించగానే విండోస్‌లో 1.81 టీబీ అని కనిపిస్తుంది, మోసం చేశారనుకోకు. కంపెనీలు వెయ్యితో లెక్కవేస్తాయి, విండోస్ 1024తో వేస్తుంది. అందుకే ఆ తేడా.

ఇక మామూలు హార్డ్ డిస్కా, చిప్పుల్లో రాసుకునే ఎస్‌ఎస్‌డీనా అంటే, నీకు రెండూ కావాలి. నీ బ్యాగులో ఉండేది ఎస్‌ఎస్‌డీ కావాలి, పని అయ్యాక దాచిపెట్టేది మామూలు హార్డ్ డిస్క్ కావచ్చు. ఎస్‌ఎస్‌డీ ధర బాగా ఎక్కువే, నాకు తెలుసు. కానీ నువ్వు వెళ్లేది బస్సుల్లో, ఆటోల్లో, ఎవరింటి అరుగు మీదో కూర్చుని పని చేసుకునే చోటికి. హార్డ్ డిస్క్ లోపల పళ్లేలు నిమిషానికి 5400 సార్లు తిరుగుతూ ఉంటాయి. వాటిని చదివే హెడ్ పళ్లేన్ని తాకకుండా నానోమీటర్ల ఎత్తులో తేలుతూ ఉంటుంది. ఆపేసినప్పుడు హెడ్ పక్కకు వెళ్లిపోతుంది కాబట్టి చిన్న దెబ్బ తగిలినా తట్టుకుంటుంది. తిరుగుతున్నప్పుడు మంచం మీద నుంచి జారినా చాలు, దాని పని అయిపోతుంది. ఎస్‌ఎస్‌డీలో తిరిగేవీ కదిలేవీ ఉండవు.

డబ్బు కుదరకపోతే రెండూ మామూలు డిస్కులే తీసుకో, తప్పులేదు. కానీ రెండూ ఒకే కంపెనీవి వద్దు. హార్డ్ డిస్కులు తయారు చేసేవాళ్లు ఇప్పుడు ప్రపంచంలో ముగ్గురే మిగిలారు, సీగేట్, వెస్టర్న్ డిజిటల్, తోషిబా. ఒక్కోటి ఒక్కో కంపెనీది తీసుకుంటే ఒకే బ్యాచ్ లోపం రెండింటికీ రాదు.

రెండు డిస్కులని ఎందుకింత పట్టుపడుతున్నానో చెబుతాను. నేను విజయవాడలో ఒక ప్రెస్‌లో డీటీపీ చేసేదాన్ని కదా. పేజ్‌మేకర్ అనే ప్రోగ్రాంలో శుభలేఖలు, కరపత్రాలు, అప్పుడప్పుడూ పుస్తకాలు. అవనిగడ్డ వైపు నుంచి ఒక రిటైర్డ్ మాస్టారు వచ్చేవారు. వాళ్ల ఊరి చరిత్ర రాశారు. అందులో సగం 1977 నవంబరు 19 నాటి ఉప్పెన గురించే. దివిసీమ ఉప్పెన గురించి నువ్వూ మీ నాయనమ్మ నోట వినే ఉంటావు. ఆ రాత్రి వాళ్ల ఊళ్లో పోయినవాళ్ల పేర్లన్నీ పుస్తకం చివర వేయాలని ఆయన పట్టుదల. లెక్కల్లో సంఖ్యలున్నాయి గానీ పేర్లు ఎక్కడా లేవమ్మా అనేవారు.

ఇంటింటికీ తిరిగి, బతికి బయటపడ్డవాళ్లను అడిగి, చీటీల మీద రాసుకొచ్చేవారు. నా పక్కన కుర్చీ వేసుకుని ఆయన చదువుతుంటే నేను టైప్ చేసేదాన్ని. ఇంటిపేరు, పేరు, వయసు, ఎవరి బిడ్డ. ఇంకా పేరు పెట్టని పసివాళ్లు ఉంటే తల్లి పేరు వేయించి పక్కన "బిడ్డ" అని వేయించేవారు. ఒక చీటీ టైప్ కాగానే నాలుగు ముక్కలుగా చింపి బుట్టలో వేసేవారు, అదే పేరు రెండుసార్లు పడకూడదని. ప్రూఫు కూడా తీయలేదు. ఇంకా కొన్ని ఇళ్లున్నాయి, అన్నీ అయ్యాక ఒకేసారి తీద్దామన్నారు.

ప్రెస్ యజమానికి ఒక అలవాటుండేది. కంప్యూటర్ నిండినప్పుడల్లా పాత జాబులన్నీ కట్ చేసి ఎక్స్‌టర్నల్ డిస్క్‌లో పేస్ట్ చేసేవాడు. అప్పట్లో వచ్చిన 160 జీబీ డిస్క్ అది. ఒక యూఎస్‌బీ పోర్టు కరెంటు చాలక కేబుల్‌కు రెండు మూతులుండేవి, రెండూ గుచ్చితేనే తిరిగేది. "అంతా బ్యాకప్ తీశాను, భయం లేదు" అని అందరికీ చెప్పేవాడు. అలాగే మాస్టారి ఫైళ్లు కూడా మార్చేసి, మిషన్ స్లోగా ఉందని కంప్యూటర్ ఫార్మాట్ కొట్టాడు. అప్పటికి ఆ పేర్లు ఈ లోకంలో ఒక్క చోటే ఉన్నాయి, ఆ డిస్క్‌లో. ఆ సంగతి ఎవరికీ తట్టలేదు.

ఒక సాయంత్రం పేపర్ రీములు మోస్తున్న కుర్రాడి కాలికి కేబుల్ తగులుకుంది. డిస్క్ బల్ల మీద నుంచి కిందపడింది. పెద్ద ఎత్తేమీ కాదు, మోకాలంత. మళ్లీ తగిలిస్తే టక్కు, టక్కు, టక్కుమని కొట్టుకోవడం మొదలుపెట్టింది. యజమాని దాన్ని ఆపకుండా తీసి పెట్టడం, తీసి పెట్టడం, రాత్రి వరకూ అదే పని. ఆ చప్పుడు వచ్చాక తిప్పిన కొద్దీ హెడ్ పళ్లేన్ని గీరేస్తుందని తర్వాత తెలిసింది. హైదరాబాద్‌లో డేటా రికవరీ వాళ్లకు పంపారు. విప్పి చూసి, పళ్లెం మీద గీతలు పడ్డాయి, ఏమీ రాదన్నారు.

చరిత్ర భాగం మాస్టారి నోటు పుస్తకాల్లో ఉంది కాబట్టి మళ్లీ టైప్ చేశాం. పేర్లు లేవు. ఆయన ఎవరినీ ఒక్క మాట అనకుండా మళ్లీ ఊళ్లోకి వెళ్లారు. అప్పటికే చెప్పినవాళ్లలో కొందరు పోయారు, కొందరికి మతిమరుపు వచ్చింది. నాకు గుర్తున్నవి నేను రాసిచ్చాను, కానీ టైప్ చేసిన మనిషికి ఎన్ని గుర్తుంటాయి? పుస్తకమైతే వచ్చింది. పేర్ల పట్టిక మాత్రం మొదటిదానంత లేదు.

ఇప్పుడు చెప్పు. నువ్వు ల్యాప్‌టాప్ ఖాళీ చేసుకోవడానికి అన్నీ ఒకే డిస్క్‌లోకి మార్చేస్తే ఆ యజమాని చేసిన పనికీ దీనికీ తేడా ఏముంది? నువ్వు తీయబోయే పెద్దాయన వచ్చే ఏడాది అదే గొంతుతో రాత్రంతా పాడగలరని ఎవరు చెప్పగలరు? కోప్పడుతున్నానని అనుకోకు. నీ పని విలువ నీకంటే నాకే ఎక్కువ తెలుసేమోనని భయం, అంతే.

కాబట్టి అక్కడ ఇలా చెయ్యి. ఆట అయిపోగానే ఎంత నిద్ర వస్తున్నా కెమెరా కార్డులోని ఫైళ్లు రెండు డిస్కుల్లోకీ కాపీ చెయ్యి. కట్ అన్న మాటే వద్దు. రెండు చోట్లా ఫైళ్ల సంఖ్య, సైజు సరిపోయాయో చూసి, మొదట్లో, మధ్యలో, చివర్లో కాస్త ప్లే చేసి చూశాకే కార్డు ఫార్మాట్ చెయ్యి. రెండు డిస్కులూ ఒకే బ్యాగులో పెట్టకు. ఒకటి నీ దగ్గర, ఒకటి నీతో వచ్చే స్నేహితురాలి దగ్గర. దొంగ బ్యాగు పట్టుకుపోతే డిస్క్ ఎంత మంచిదైనా లాభం లేదు. ఇంటర్నెట్ బాగా ఉన్న చోటికి వచ్చాక కనీసం సౌండ్ ఫైళ్లయినా క్లౌడ్‌లో పెట్టు. అవి చిన్నవే కాబట్టి త్వరగా ఎక్కుతాయి.

కేబుల్ సంగతి చూసుకో. యూఎస్‌బీ 3 పోర్టులో అయితే మామూలు హార్డ్ డిస్క్‌కు కూడా 45 జీబీ ఎక్కడానికి ఏడెనిమిది నిమిషాలు చాలు. పాత యూఎస్‌బీ 2 పోర్టులో గుచ్చితే ఇరవై నిమిషాలు దాటుతుంది. ఫోన్ చార్జర్‌తో వచ్చిన టైప్ సీ కేబుళ్లు చాలావరకు యూఎస్‌బీ 2 స్పీడువే, చూడ్డానికి మాత్రం తేడా తెలియదు. డిస్క్‌తో వచ్చిన కేబులే వాడు.

మామూలు డిస్క్‌లో పెద్ద కాపీ పెట్టినప్పుడు మొదట జోరుగా వెళ్లి తర్వాత బాగా నెమ్మదించవచ్చు. కంగారు పడి లాగేయకు. ఈ చిన్న డిస్కుల్లో చాలావాటిలో ట్రాకులు ఇంటి పైకప్పు పెంకుల్లా ఒకదాని అంచు మీద ఒకటి ఎక్కి ఉంటాయి, ఒకటి మార్చాలంటే పక్కవి కూడా తిరగరాయాలి. ఆ ఆలస్యం అందువల్లే, డిస్క్ పాడైపోయి కాదు.

ఫార్మాట్, అంటే డిస్క్ ఫైళ్లను సర్దుకునే పద్ధతి, ఎక్స్‌ఫ్యాట్ పెట్టుకో, నీ స్నేహితురాలి మ్యాక్‌లోనూ రాయడానికి కుదురుతుంది. విండోస్ వాడే ఎన్‌టీఎఫ్‌ఎస్ అయితే మ్యాక్ చదువుతుంది గానీ రాయదు. పాతకాలపు ఫ్యాట్32లో 4 జీబీ దాటిన ఫైలు పట్టదు. అయితే ఎక్స్‌ఫ్యాట్‌లో మధ్యలో లాగేస్తే ఫైళ్లు పాడయ్యే అవకాశం ఎన్‌టీఎఫ్‌ఎస్ కంటే ఎక్కువ. ఎజెక్ట్ నొక్కకుండా పెన్ డ్రైవ్ పీకేయడం నీకు చిన్నప్పటి నుంచీ అలవాటు, ఎన్నిసార్లు చెప్పినా మానలేదు. ఈసారి మానాల్సిందే.

ఎండ గురించి కూడా భయంగానే ఉంది. కొన్ని పోర్టబుల్ డిస్కులను వాడాల్సిన వేడి 5 నుంచి 35 డిగ్రీల లోపే అని కంపెనీయే రాస్తుంది. ఆ వైపు ఎండాకాలంలో నలభై దాటుతుంది. కాపీ చేసేటప్పుడు నీడలో, గాలి తగిలేలా పెట్టు. గుడ్డ చుట్టి పెట్టకు. నీళ్ల సీసా ఉన్న బ్యాగులో వేయకు. నువ్వు కూడా ఎండలో తిరగకు, వేళకు తిను.

ఆన్‌లైన్‌లో 16 టీబీ ఎస్‌ఎస్‌డీ రెండు మూడు వేలకే అని కనిపిస్తే ఆ వైపు చూడకు. లోపల చిన్న మెమరీ కార్డు పెట్టి 16 టీబీ అని అబద్ధం చూపించేలా చేస్తారు. ఫైళ్లు ఎక్కినట్టే ఉంటాయి, తర్వాత తెరుచుకోవు. నేరుగా మంచి షాపులో బిల్లు తీసుకుని కొను. మూడేళ్ల వారంటీ ఉంటే మంచిదే గానీ, పాడైన డిస్క్ బదులు ఇంకో డిస్క్ ఇస్తారు, అందులోని వీడియోలు ఇవ్వరు. ఇంకో సంగతి, కొన్ని డిస్కుల్లో యూఎస్‌బీ పోర్టు లోపలి బోర్డుకే అతికించి ఉంటుంది. పోర్టు వదులైతే విప్పి వేరే కేసులో వేసి చదవడం కుదరదు. అందుకే కేబుల్‌ను పైకీ కిందకీ ఊపుతూ తీయకు, తిన్నగా లాగు.

పని పూర్తయ్యాక అసలు ప్రతులు ఎస్‌ఎస్‌డీలోనే వదిలి ఏళ్ల తరబడి బీరువాలో పెట్టేయకు. కరెంటు అందకుండా చాలాకాలం ఉంటే అందులో రాసింది చెరిగిపోవచ్చు. దాచుకోవడానికి మామూలు డిస్కే నయం, దాన్నీ ఆర్నెల్లకోసారి తగిలించి తెరిచి చూడాలి. దాచే డిస్క్ మీ ఇంట్లో వద్దు. మీ నాన్న సినిమాలున్నాయేమోనని టీవీకి తగిలిస్తాడు, కొన్ని టీవీలు ఫార్మాట్ చేయమంటారా అని అడుగుతాయి, ఆయన అద్దాలు లేకుండా ఓకే నొక్కేస్తాడు. నా దగ్గర పెట్టు.

బయల్దేరే ముందు రెండు డిస్కులూ తీసుకుని ఇక్కడికి రా. హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అని ఒక ప్రోగ్రాం ఉంది. డిస్క్‌ను మొత్తం నింపి, మళ్లీ చదివి, చెప్పినంత చోటు నిజంగా ఉందో లేదో తేలుస్తుంది. 2 టీబీకి పగలంతా పడుతుంది. కొత్తవాటిలో లోపం ఉంటే అప్పుడే బయటపడుతుంది, మార్చుకోవడానికి గడువుంటుంది. అది నడుస్తున్నంతసేపూ నువ్వు పడుకో, లేచాక నీకిష్టమైన పులిహోర తిని వెళ్దువుగాని. రెండో డిస్క్‌కు డబ్బు చాలకపోతే నేను కొంటాను. ఆ సంగతి మీ నాన్నకు చెప్పకు.

మీ అత్త