ఇంజన్ ఆగితే ముందు లంగరు, తర్వాతే తాడు లాగడం

ప్రశ్న: మాది భైరవపాలెం దగ్గర ఊరండీ. అన్నదమ్ములం ఇద్దరం ఫైబర్ బోటు మీద వేటకి వెళ్తాం. 10 హార్స్‌పవర్ పెట్రోల్ ఔట్‌బోర్డ్ మోటారు. పోయిన నెల తిరిగొస్తుంటే, మొగ (నది సముద్రంలో కలిసే చోటు) ఇంకో కిలోమీటరు ఉందనగా ఇంజన్ రెండు మూడుసార్లు దగ్గినట్టు శబ్దం చేసి ఆగిపోయింది. ఒకరి తర్వాత ఒకరం అరగంట తాడు లాగినా అంటుకోలేదు. ఈలోగా బోటు కెరటాలు విరిగే చోటుకి బాగా దగ్గరికి కొట్టుకొచ్చేసింది. వేరే బోటువాళ్లు చూసి తాడేసి లాక్కొచ్చారు కాబట్టి బతికాం. తర్వాత చూస్తే పెట్రోల్ ట్యాంకు మూత మీద గాలి స్క్రూ బిగించేసి ఉంది. మేం ఏం చేసి ఉండాల్సింది?

జవాబు: తమ్ముడూ, లంగరు వేసి ఉండాల్సింది. బోటులో లంగరు ఉందని మీరు రాయలేదు, లేదని కూడా రాయలేదు. నాకు ముందు ఆ భయమే పట్టుకుంది. ఇరవై ఏళ్లకు పైగా రేవుల్లో ఇంజన్లు బాగుచేశాను, మీలాంటి కథలు చాలా విన్నాను. దాదాపు అన్నిట్లోనూ ఇంజన్ ఆగగానే అందరూ వెనక్కి పరిగెత్తి తాడు పట్టుకోవడమే కనిపిస్తుంది. అరగంటలో మీ బోటు ఎక్కడి నుంచి ఎక్కడికి వచ్చిందో మీరే రాశారు. ఆ అరగంటా లంగరు పట్టి ఉంటే, బోటు నిలబడ్డచోటే ఉండేది, మీరు నింపాదిగా ట్యాంకు చూసుకునేవారు, గాలి స్క్రూ రెండు నిమిషాల్లో దొరికేది.

లంగరు ఎప్పుడూ అణియం నుంచే, అంటే ముందు నుంచే వేయాలి. కంగారులో చేతికి దగ్గరగా ఉంది కదా అని అమరం వైపు, అంటే వెనక కట్టారంటే, బరువంతా వెనకే ఉంటుంది కాబట్టి వచ్చే ప్రతి కెరటమూ మోటారు మీదుగా లోపలికి ఎక్కుతుంది. తాడు పొదుపు చేయొద్దు. 4 బారల (బార అంటే రెండు చేతులూ చాపినంత) లోతులో కనీసం 20 బారల తాడు వదలాలి, గాలి గట్టిగా ఉంటే ఇంకా ఎక్కువ. పొట్టి తాడు లంగరుని పైకి లేపేస్తుంది, అది నేల పట్టదు. లంగరు దగ్గర కొంత గొలుసు కడితే అది పడుకుని పట్టుకుంటుంది. లోతు ఎక్కువై నేల అందకపోతే బకెట్టో, వల మూటో గట్టి తాడుకి కట్టి ముందు నుంచి నీళ్లలో వదలండి. బోటు ఆగదు, కానీ కొట్టుకుపోయే వేగం తగ్గుతుంది. ముక్కు గాలికి ఎదురుగా నిలబడుతుంది కాబట్టి కెరటం పక్క నుంచి కొట్టదు.

మొగ దగ్గర ఇది ఇంకా ముఖ్యం. పాటు మీద, అంటే సముద్రం వెనక్కి తగ్గే వేళ, నది నీళ్లు బయటికి తోసుకొస్తుంటే, ఎదురుగా సముద్రం కెరటం వచ్చి మొగలోని ఇసుక మెరక మీద నిలువుగా లేచి విరుగుతుంది. ఇంజన్ లేని బోటుతో తెడ్లు వేసి అందులోంచి దాటేద్దామని దయచేసి ప్రయత్నించకండి. కెరటాలు విరగడం మొదలయ్యే చోటుకి బాగా బయటే లంగరేసి, లైఫ్ జాకెట్లు తొడుక్కుని, ఫోన్ చేసి ఆగండి. పోటు తిరిగాక, అంటే సముద్రం నీళ్లు మళ్లీ లోపలికి రావడం మొదలయ్యాక, పరిస్థితి చాలావరకు మారుతుంది.

ఇక ఇంజన్ సంగతి. అది ఎలా ఆగిందో గుర్తు తెచ్చుకుంటే సగం రోగం దొరికినట్టే. దగ్గుతూ, వేగం పడిపోతూ ఆగితే ఇంధనమే: గాలి స్క్రూ బిగిసి ఉండటం, పైపు మడత పడటం, ఫిల్టర్‌లో నీళ్లు. పైపు మధ్యలో ఉండే రబ్బరు బల్బుని పిసికి చూడండి, నొక్కినా గట్టిపడకపోతే పెట్రోల్ రావడం లేదన్నమాట. నొక్కి వదిలాక అది చప్పిడిగా అతుక్కుపోయి ఉంటే ట్యాంకుకి గాలి అందడం లేదు. మీది ఇదే. అలా కాకుండా స్విచ్ కట్టేసినట్టు ఠక్కున ఆగితే ముందుగా, చేతికి కట్టుకునే ఎర్ర తాడు క్లిప్ (అది ఊడితే ఇంజన్ ఆగిపోతుంది) ఊడిందేమో చూడాలి. దాన్ని మర్చిపోయి ఇంజనంతా విప్పినవాళ్లున్నారు. ఇంజన్ గట్టిగా అరుస్తూ బోటు మాత్రం కదలకపోతే ఫ్యాన్ (నీళ్లలో తిరిగి బోటుని తోసే రెక్కలు) దగ్గర పిన్ను తెగి ఉంటుంది, లేదా లోపలి రబ్బరు జారి ఉంటుంది. గేరు వేయగానే ఆగిపోతుంటే ఫ్యాన్‌కి వల ముక్కో తాడో చుట్టుకుని ఉంటుంది. అప్పుడు ఇంజన్ ఆపి, క్లిప్ తీసి జేబులో పెట్టుకుని, మోటారు పైకి లేపి, ఆ తర్వాతే చేయి పెట్టండి. ఇందులో తొందరపడితే వేళ్లు పోతాయి.

మోటారు వెనక సన్నగా చిమ్మే నీటిధార మీద ఎప్పుడూ ఓ కన్నుండాలి. అది ఆగిందంటే చల్లదనం అందడం లేదు. నీళ్లు పీల్చుకునే చోట ప్లాస్టిక్ సంచి అడ్డుపడి ఉండొచ్చు, మెరకలో ఇసుక పట్టి ఉండొచ్చు. వెంటనే ఆపేయాలి. ఎలాగోలా ఒడ్డుకి పోదామని నడిపితే మోటారే పోతుంది.

అరగంట తాడు లాగామన్నారు కదా, అందులోనూ ఒక చిక్కుంది. చోక్ వేసి పదేపదే లాగితే పెట్రోల్ ఎక్కువై ప్లగ్గులు తడిసిపోతాయి, అప్పుడు అసలు కారణం సరిచేసినా అంటుకోదు. పెట్రోల్ వాసన గుప్పుమంటే ఆగండి. చోక్ తీసేసి, కాసేపు ఊరుకుని, యాక్సిలరేటర్ తెరిచి లాగండి. అప్పటికీ రాకపోతే ప్లగ్గులు విప్పి పొడిగుడ్డతో తుడిచి బిగించండి. ఈ పని జరుగుతున్నంతసేపూ బోటులో ఎవరూ బీడీ వెలిగించకూడదు. ప్లగ్గు పానా, రెండు కొత్త ప్లగ్గులు, ఫ్యాన్ పిన్ను, ఫిల్టర్, ఓ కత్తి, ఇవన్నీ ఒక చిన్న డబ్బాలో పడతాయి. లాగే తాడే తెగిపోతే, చాలా మోటార్లలో పైమూత తీస్తే ఫ్లైవీల్‌కి గాడి ఉంటుంది, ముడేసిన తాడు అందులో చుట్టి లాగొచ్చు. కాకపోతే గేరు న్యూట్రల్‌లో ఉందో లేదో రెండుసార్లు చూసుకోండి, అలా లాగినప్పుడు గేరులో ఉన్నా స్టార్టయిపోతుంది.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం ఉంటుంది కదా, ఆ రోజుల్లో ట్యాంకు కడిగించి, పైపు, ఫిల్టర్, నీళ్ల పంపు రబ్బరు మార్పించేసుకోండి.

ప్రశ్న: మాది కోనసీమలో లంక ఊరు. అరటి గెలలు, కూలీలు దాటడానికి చిన్న మోటారు బోటు ఉంది, కారులాగా స్టీరింగ్ చక్రం ఉంటుంది. నది మధ్యలో అది ఎడమకి తిరిగి అక్కడే బిగుసుకుపోయింది. బోటు గుండ్రంగా తిరుగుతుంటే అందరూ ఒక పక్కకి వచ్చేశారు, బోల్తా పడుతుందేమో అనిపించింది. అప్పుడు ఏం చేయాలి?

జవాబు: మొదట వేగం తగ్గించాలి, అదీ మెల్లగా. ఒక్కసారిగా కట్టేస్తే వెనకొచ్చే అల అమరం మీదుగా లోపలికి దూకుతుంది. తగ్గించాక న్యూట్రల్. అదే ఊపిరితో జనానికి గట్టిగా చెప్పండి, “ఎవరూ లేవొద్దు, ఎక్కడివాళ్లు అక్కడే కూర్చోండి” అని. స్టీరింగ్ బిగుసుకుపోవడం వల్ల కన్నా, కంగారుగా ఒక పక్కకి ఒరిగే మనుషుల బరువు వల్లే చిన్న బోటుకి ఎక్కువ ప్రమాదం. తర్వాత లంగరు. గోదావరి వరద మీదుంటే ఇంకా త్వరగా, ఎందుకంటే కింద వంతెన స్తంభాలో, ఇసుక మేటో ఎదురవుతుంది. ఇక్కడ కూడా ముందు నుంచే.

చక్రం నుంచి మోటారుకి ఒక కేబుల్ వెళ్తుంది. లోపల గ్రీజు ఎండి, తుప్పు పట్టి బిగుసుకుంటుంది, చాలాసార్లు జరిగేది ఇదే. చివర మోటారుకి కలిపే కడ్డీ ఉంటుంది, దాని నట్టు విప్పేస్తే మోటారు చేతికి స్వేచ్ఛగా తిరుగుతుంది. ఆ నట్టుకి సరిపడే పానా బోటులో తాడుతో కట్టేసి ఉంచండి. ఒకరు వేగం చూసుకోవాలి, ఒకరు వెనక కూర్చుని మోటారు మూత పట్టుకుని మెల్లగా తిప్పాలి, నడక వేగం దాటకూడదు. విడిగా చుక్కాని ఉన్న బోటైతే, అది విరిగినప్పుడు వెనక నుంచి పొడవాటి తెడ్డు వేసి నడపొచ్చు. అదీ లేకపోతే తాడు కట్టిన బకెట్టుని కుడిపక్క నీళ్లలో ఈడ్చండి, ఆ పక్క వేగం తగ్గి బోటు కుడికి తిరుగుతుంది. ఎడమకి కావాలంటే ఎడమపక్క. తాడు ఫ్యాన్‌లో పడకుండా చూసుకోవాలి.

లైఫ్ జాకెట్లు సీటు కింద మూట కట్టి ఉంచితే ఆ గుండ్రంగా తిరిగే అరనిమిషంలో ఎవరికీ అందవు. కూలీలైనా, పిల్లలైనా, రేవులో కాలు పెట్టే ముందే తొడిగించండి. ఈ ఒక్క విషయంలో మొహమాటం వద్దు.

ప్రశ్న: మా ఆయన ఉప్పాడ నుంచి వేటకి వెళ్తారు. మధ్యాహ్నానికి వచ్చేవారు ఒకరోజు రాత్రి తొమ్మిదికి వచ్చారు, ఇంజన్ పాడైందట. ఆ టెన్షన్ చెప్పలేను. ఆలస్యమైతే నేను ఎవరికి చెప్పాలి, ఎంతసేపు ఆగాలి?

జవాబు: అమ్మా, ఎంతసేపన్నది బయల్దేరేటప్పుడే ఇద్దరూ మాట్లాడుకోండి. “మూడింటికి రాకపోతే ఫోన్ చేస్తాను, ఐదింటికి కూడా కబురు లేకపోతే చెప్పేస్తాను” అని. ఆ వేళ దాటాక తెల్లారనిద్దామని ఆగొద్దు. చీకట్లో వెతకడం కష్టం, రాత్రంతా బోటు కొట్టుకుపోతూనే ఉంటుంది. అదే రేవు నుంచి వెళ్లిన మిగతా బోట్లవాళ్లని అడగండి, గ్రామ సచివాలయంలో మత్స్య సహాయకులకి చెప్పండి, వాళ్ల జవాబు కోసం ఎదురుచూడకుండా 1554కి చేయండి. అది కోస్ట్‌గార్డ్ ఉచిత నంబరు. మెరైన్ పోలీసులది 1093. పరువు పోతుందనో, తర్వాత తిడతారనో సందేహించకండి.

వాళ్లు అడిగేవి ముందే కాగితం మీద రాసి గోడకి అంటించుకోండి. బోటు మీద రాసిన నంబరు, రంగు, ఎంతమంది ఉన్నారు, అందరి ఫోన్ నంబర్లు, ఎన్నింటికి బయల్దేరారు, ఏ దిక్కుగా, ఎంత లోతులో వేట. కొట్టుకుపోయే దిక్కు కాలాన్ని బట్టి మారుతుంది. ఫిబ్రవరి నుంచి మే దాకా మన తీరం వెంట నీటి ఒరవడి ఎక్కువగా ఉత్తరానికి, అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా దక్షిణానికి ఉంటుంది. గాలి ఎటు వీస్తోందో కూడా చెప్పండి, వెతికేవాళ్లకి పనికొస్తుంది.

మీ ఆయనకి చెప్పాల్సినవి రెండున్నాయి. ఫోన్‌కి నీళ్లు పోని ప్లాస్టిక్ కవరు ఉండాలి. సిగ్నల్ లేకపోయినా ఫోన్‌లో జీపీఎస్ అక్షాంశం, రేఖాంశం చూపిస్తుంది, సిగ్నల్ దొరికిన క్షణంలో ముందు ఆ అంకెలే చెప్పాలి. వైర్‌లెస్ సెట్టు ఉంటే 16వ ఛానల్‌లో పిలవాలి. దూరంగా బోటో, ఓడో కనిపిస్తే నిలబడి రెండు చేతులూ పక్కలకి చాపి మెల్లగా పైకీ కిందికీ ఊపాలి, అది ఆపదలో ఉన్నామన్న సంకేతమని ఓడలవాళ్లందరికీ తెలుసు. ఒక చేత్తో ఊపితే పలకరిస్తున్నారనుకుని వెళ్లిపోతారు. రాత్రయితే టార్చితో మూడు పొట్టి, మూడు పొడుగు, మళ్లీ మూడు పొట్టి వెలుగులు.

బోటుకి కొత్త రంగు వేయించినప్పుడల్లా గోడ మీద కాగితంలో కూడా మార్చండమ్మా.