ఆరు బైట్ల సంగతి

సత్యనారాయణపురం,
విజయవాడ.

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

గుంటూరు నుంచి నీవు పంపిన వ్యాసం మొన్న అందింది. మొదటిసారి పాఠకుడిగా, రెండవసారి ఎర్ర సిరా కలం పట్టుకొని చదివాను. ప్రోగ్రాం నడుస్తుండగానే దానిని మెషీన్ కోడ్‌గా, అంటే ప్రాసెసర్ నేరుగా నడపగల ఆదేశాలుగా మార్చే జస్ట్ ఇన్ టైం కంపైలేషన్ (జిట్) వంటి విషయాన్ని తొలి వ్యాసానికే, అదీ తెలుగులో ఎత్తుకున్నందుకు సంతోషించాను. నీకు వాక్యం పట్టుబడింది. అయితే అసలు సంగతి చెప్పవలసిన చోటికి వచ్చేసరికి నీ గొంతు తగ్గింది. నాలుగు పేజీల వ్యాసంలో "ఇలా తయారైన మెషీన్ కోడ్‌ను సిస్టం నడుపుతుంది" అన్న ఒక్క వాక్యంతో ఆ చోటు దాటేశావు. ఏ సిస్టం నడుపుతుంది, ఆ కోడ్‌ను ఎక్కడ ఉంచి నడుపుతుంది, ఎవరి అనుమతితో నడుపుతుంది అన్నవే పాఠకుడికి కావలసిన ప్రశ్నలు.

ముందుగా నీ టిఫిన్ సెంటర్ పోలిక గురించి చెబుతాను. ముందే వండి పెట్టడం కంపైలర్, అడిగినప్పుడు అట్టు వేసి ఇవ్వడం జిట్ అని మూడు పేరాలు రాశావు. చదవడానికి కమ్మగానే ఉంది కానీ అది పొరపాటు పోలిక. అడిగినప్పుడు చేసి ఇవ్వడం, ప్రోగ్రాంను ముక్కముక్కగా చదువుతూ అప్పటికప్పుడు చేసుకుపోయే ఇంటర్‌ప్రెటర్ కూడా చేసే పనే. తిన్న అట్టును మళ్లీ తినలేము. జిట్ ఒకసారి తయారుచేసిన కోడ్‌ను మాత్రం మెమరీలో అట్టే పెట్టుకొని లక్షసార్లు పిలవవచ్చు, దాని ప్రాణమంతా అక్కడే ఉంది. పోలిక విషయంలోని కీలకాన్నే వదిలేస్తే దానిని ఎంత ముచ్చటగా ఉన్నా కొట్టివేయవలసిందే. నేనూ పాతికేళ్ల వయసులో ఇటువంటివి చాలా రాశాను, ఇప్పుడు వాటిని చదువుకోవడానికి మనసొప్పదు.

మీ నాన్నగారు మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారం చేస్తారని ఉత్తరంలో రాశావు. నీ ఉదాహరణ ఆ దుకాణంలోనే ఉంది. టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, కాటా వేశాక బరువు, క్వింటాలు ధర, కమీషన్, ఇతర ఖర్చులు కలిపి రైతుకు చెల్లించవలసిన మొత్తం కట్టే సాఫ్ట్‌వేర్ ఒకటి ఉన్నదనుకో. ఆ లెక్క సూత్రాన్ని వ్యాపారి తానే టైపు చేసుకోవచ్చని కూడా అనుకో. సాఫ్ట్‌వేర్ రాసినవాడికి ఆ సూత్రం ముందుగా తెలియదు, కాబట్టి దానిని ముందే కంపైల్ చేసి ఇచ్చే వీలు లేదు. ఇంటర్‌ప్రెటర్ పద్ధతిలో ఆ సూత్రాన్ని ఒక చెట్టుగా అమర్చి, ప్రతి లాటుకూ ఆ చెట్టు చివరిదాకా నడిచి, ఇది కూడికా, ఇది గుణకారమా, ఇది బరువు గడియా అని కొమ్మకొమ్మ దగ్గరా ఆగి అడుగుతారు. సీజనంతటి లాటులు పది లక్షలుంటే ఆ ప్రశ్నలన్నీ పది లక్షల సార్లు అడిగినట్లే, అయినా జవాబులు ఒక్కసారి కూడా మారవు. జిట్ చేసేదల్లా ఆ ప్రశ్నలను ఒక్కసారే అడిగి, వచ్చిన జవాబులను ప్రాసెసర్‌కు నేరుగా అర్థమయ్యే ఆదేశాలుగా వరుసన రాసిపెట్టడం. అలా తయారైన కోడ్‌లో ప్రశ్నలుండవు, గుణకారం, కూడిక, తీసివేత మాత్రమే మిగులుతాయి. ఈ ఒక్క పేరా నీ వ్యాసంలో ఉంటే మొదటి రెండు పేజీల అవసరం ఉండదు.

ఇక నీవు దాటేసిన చోటికి వద్దాం. ఇంటెల్ లేదా ఏఎండీ ప్రాసెసర్ ఉన్న ఏ కంప్యూటర్‌లోనైనా పనికివచ్చే ఒక చిన్న ఫంక్షన్ ఆరు బైట్లలో ఇమిడిపోతుంది. హెక్సాడెసిమల్‌లో, అంటే పదహారు అంకెల పద్ధతిలో, అవి బి8, 2ఎ, 00, 00, 00, సి3. మొదటి బైటు, తన వెనుక వచ్చే నాలుగు బైట్ల సంఖ్యను ఈఏఎక్స్ అనే రిజిస్టర్‌లో, అంటే ప్రాసెసర్ లోపలి ఒక చిన్న గడిలో, పెట్టమంటుంది. ఆ నాలుగు బైట్లలో ఉన్నది 42, చిన్న విలువ గల బైటు ముందు వస్తుంది. చివరి సి3 అంటే పిలిచినవాడి దగ్గరకు తిరిగి వెళ్లమని. ఫంక్షన్ ఇచ్చే ఫలితం ఈఏఎక్స్‌లో ఉండాలన్నది అక్కడి ఒప్పందం కనుక, ఈ ఆరు బైట్లనూ ఫంక్షన్‌గా పిలిస్తే 42 వస్తుంది. ఆ నాలుగు బైట్లనూ మనం చదివే అలవాటు ప్రకారం తిరగేసి 00, 00, 00, 2ఎ అని రాస్తే మాత్రం 70,46,43,072 వస్తుంది. ఈ పొరపాటును నీ చేత్తో ఒకసారి చెయ్యి, బైట్ల వరుస గురించి నీవు రాసే వాక్యం దానంతట అదే మారుతుంది.

ఈ ఆరు బైట్లూ నీ ప్రోగ్రాంలోని ఒక శ్రేణిలో ఉన్నంతవరకు అవి ఉత్త డేటా, మీ దుకాణం చిట్టాలోని అంకెలకూ వాటికీ తేడా లేదు. వాటిని నడిపించాలంటే లైనక్స్‌లో ఎంమ్యాప్ అనే పిలుపుతో ఆపరేటింగ్ సిస్టంను కొంత మెమరీ అడగాలి. అడిగింది ఆరు బైట్లే అయినా అది పేజీల లెక్కన ఇస్తుంది, ఈ ప్రాసెసర్ల మీద మామూలు పేజీ 4096 బైట్లు. చదివేందుకు, రాసేందుకు అనుమతితో ఆ పేజీని తీసుకొని, బైట్లను అందులోకి నకలు చేసి, తరువాత ఎంప్రొటెక్ట్ అనే పిలుపుతో రాసే అనుమతిని వదులుకొని నడిపే అనుమతిని పొందాలి. అప్పుడు ఆ పేజీ చిరునామాను ఫంక్షన్ పాయింటర్‌గా, అంటే ఫంక్షన్ ఉన్న చోటును చూపే విలువగా, మార్చి పిలవాలి. అంతవరకు అంకెలుగా ఉన్నవి ఆ క్షణాన ఆదేశాలవుతాయి. బైట్లు అవే, వాటి మీది అనుమతి ఒక్కటే మారింది. నీ వ్యాసానికి గుండెకాయ ఇదే, నీవు "సిస్టం నడుపుతుంది" అన్న రెండు మాటల వెనుక దాచినదీ ఇదే.

ఈ అనుమతి సంగతి ఇంత గట్టిగా చెప్పడానికి నా సొంత పరువు పోయిన కథ ఒకటి కారణం. 2002 ప్రాంతంలో నేనొక పత్రికకు ఇదే విషయం మీద రాస్తూ, మాలక్ అనే పిలుపుతో తీసుకున్న మామూలు మెమరీలో బైట్లు పెట్టి నేరుగా పిలిచే ప్రోగ్రాం ఇచ్చాను. మా ఇంటి కంప్యూటర్‌లో నడిపి చూసే ఇచ్చాను, అది నడిచింది కూడా. కొన్నేళ్ల తరువాత పాత వ్యాసాలన్నీ కలిపి పుస్తకం వేసినప్పుడు దానిని మళ్లీ నడిపి చూడకుండా యథాతథంగా చేర్చాను. తెనాలి నుంచి ఒక విద్యార్థి, "మాస్టారూ, 64 బిట్ల లైనక్స్‌లో మీ ప్రోగ్రాం సెగ్మెంటేషన్ ఫాల్ట్ అని ఆగిపోతున్నది" అని మర్యాదగా ఉత్తరం రాశాడు. ఆ వ్యాసానికీ పుస్తకానికీ మధ్య జరిగిందేమిటంటే, 2003లో వచ్చిన ఏఎండీ 64 బిట్ల ప్రాసెసర్లు ఒక పేజీలోని బైట్లను నడపకూడదని గుర్తుపెట్టే బిట్‌ను తెచ్చాయి, 2004 నుంచి లైనక్స్, విండోస్ ఎక్స్‌పీ రెండవ సర్వీస్ ప్యాక్ ఆ బిట్‌ను వాడుకోవడం మొదలుపెట్టాయి. దొంగచాటుగా డేటాలోకి కోడ్‌ను చొప్పించి నడిపించే దాడులను అరికట్టడం దాని ఉద్దేశం. రాయగలిగిన పేజీ నడవకూడదు, నడిచే పేజీలో రాయకూడదు అన్న నియమాన్ని ఓపెన్‌బీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టం 2003లోనే పాటించడం ప్రారంభించింది. జిట్ ఈ నియమానికి సహజ శత్రువు, ఎందుకంటే అది రాయాలి, రాసినదానిని నడపాలి. అందుకే రెండు అనుమతులనూ ఒకేసారి తీసుకోకుండా ఒకటి వదిలాక ఒకటి పొందే పద్ధతి వచ్చింది. నా ప్రోగ్రాంలో తర్కం తప్పు కాదు, దాని కింది నేల కదిలింది. అందువల్ల నీవిచ్చే ప్రతి ప్రోగ్రాం పక్కన ఏ ప్రాసెసర్ మీద, ఏ ఆపరేటింగ్ సిస్టంలో నడిపి చూశావో తప్పక రాయి.

ప్రాసెసర్ మాట ఎందుకన్నానంటే, పై ఆరు బైట్లు నీ చేతిలోని ఫోన్‌లో నడవవు. అందులో ఉన్నది ఆర్మ్ ప్రాసెసర్. దాని 64 బిట్ల పద్ధతిలో ప్రతి ఆదేశమూ సరిగ్గా నాలుగు బైట్లే కాబట్టి, ఇదే పని అక్కడ రెండు ఆదేశాలతో ఎనిమిది బైట్లవుతుంది. పైగా ఆర్మ్‌లో ఆదేశాల క్యాష్, డేటా క్యాష్ (క్యాష్ అంటే ప్రాసెసర్ తన దగ్గర ఉంచుకొనే చిన్న, వేగమైన మెమరీ) వేరువేరుగా ఉండి, ఒకదానిలో జరిగిన మార్పు రెండవదానికి తనంతట తెలియకపోవచ్చు. కొత్త కోడ్ రాశాక పాత ఆదేశాల క్యాష్‌ను తుడవమని ప్రోగ్రామే చెప్పాలి. చెప్పకపోతే ఒకసారి నడుస్తుంది, ఒకసారి నడవదు. అటువంటి లోపాన్ని వెతకడం కన్నా మండుటెండలో ప్రకాశం బ్యారేజీ మీద నడవడం మేలు.

జిట్ జావాతో పుట్టిందని రాశావు, అది దిద్దుకో. జావా 1995లో వచ్చింది. 1968లోనే కెన్ థాంప్సన్, వెతకవలసిన రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌ను, అంటే అక్షరాల నమూనాను, అప్పటికప్పుడు ఐబీఎం 7094 యంత్రపు ఆదేశాలుగా మార్చి నడిపే పద్ధతిని ప్రచురించాడు. అది మీ నాన్నగారి లెక్క సూత్రం వంటిదే, వెతికేవాడు ఏం టైపు చేస్తాడో ముందు తెలియదు. 1984లో డాయిచ్, షిఫ్‌మన్ స్మాల్‌టాక్ భాషకు ఇదే పని చేశారు. జావా చేసిన మేలు ఆ పేరును అందరి నోటా పలికించడం.

ఎప్పుడు కంపైల్ చేయాలన్న ప్రశ్నకు నీ వ్యాసంలో చోటే లేదు. కంపైల్ చేయడానికీ సమయం ఖర్చవుతుంది. నలభై లాటుల కోసం మెషీన్ కోడ్ తయారుచేయడం దండగ. అందుకే 1999లో వచ్చిన హాట్‌స్పాట్ అనే జావా యంత్రం మొదట ఇంటర్‌ప్రెటర్‌తోనే మొదలుపెట్టి, ఏ ఫంక్షన్‌ను ఎన్నిసార్లు పిలిచారో లెక్కపెట్టి, ఎక్కువగా వేడెక్కిన చోట్లను మాత్రమే కంపైల్ చేస్తుంది. దాని పేరులోనే ఆ సంగతి ఉంది. నీ పాఠకులకు ఇంకా దగ్గరి ఉదాహరణ ఆండ్రాయిడ్. 2010లో 2.2 వెర్షన్‌తో దానికి జిట్ వచ్చింది. 2014లో 5.0 వచ్చేసరికి జిట్‌ను పక్కనపెట్టి, యాప్‌ను ఇన్‌స్టాల్ చేసేటప్పుడే పూర్తిగా కంపైల్ చేయసాగారు. సిస్టం అప్‌డేట్ తరువాత యాప్‌లను ఆప్టిమైజ్ చేస్తున్నామంటూ ఫోన్ చాలాసేపు కూర్చోబెట్టిన రోజులు అందరికీ గుర్తుండే ఉంటాయి. 2016లో 7.0తో జిట్‌ను తిరిగి తెచ్చి, వాడకంలో వేడెక్కిన భాగాలను ఫోన్ ఖాళీగా ఛార్జింగ్‌లో ఉన్నప్పుడు కంపైల్ చేసే మిశ్రమ పద్ధతికి వచ్చారు. ఆరేళ్లలో మూడు నిర్ణయాలు. ఏది గొప్ప అని తీర్పు చెప్పడం కన్నా ఈ ఊగిసలాటకు కారణాలు చెప్పడం మంచి వ్యాసం.

ఊహించి కంపైల్ చేయడం గురించి నీవు రాసిన పేరా బాగుంది, దానిని కదపవద్దు. జావాస్క్రిప్ట్‌లో ఇంతవరకు సంఖ్యలే వచ్చాయి కనుక ఇకమీదా సంఖ్యలే వస్తాయని ఊహించి కోడ్ తయారుచేయడం, ముందు ఒక కాపలా తనిఖీ పెట్టడం, ఊహ తప్పి అక్షరాల వరుస వచ్చిననాడు ఆ కోడ్‌ను వదిలి ఇంటర్‌ప్రెటర్ దగ్గరకు తిరిగి రావడం, ఇవన్నీ స్పష్టంగా చెప్పావు. పైథాన్ 3.13లో 2024 అక్టోబరులో ప్రయోగాత్మకంగా చేర్చిన జిట్‌ను కూడా అక్కడే ఒక మాట ప్రస్తావించు. ముందే అచ్చువేసిన బిల్లు ఫారంలో ఖాళీలు నింపినట్లు, అది ముందే కంపైల్ చేసి ఉంచిన ముక్కలను నకలు చేసి, వాటిలోని ఖాళీలలో విలువలు పూరిస్తుంది.

మాటల విషయం ఒక్కటి మిగిలింది. "తత్క్షణ సంకలనం", "స్మృతి పుట" వంటివి వాడావు. బెజవాడలో కోడ్ రాసే పిల్లలెవరూ ఆ మాటలనరు, విన్నా పోల్చుకోలేరు. జిట్, పేజీ, రిజిస్టర్ అన్నవి అలాగే ఉంచి, క్రియలను మాత్రం తెలుగులో పెట్టు. రాయడం, నకలు చేయడం, అనుమతి మార్చడం, పిలవడం, తిరిగి రావడం అన్న అయిదు క్రియలతో ఈ విషయమంతా చెప్పవచ్చు.

రెండవ ప్రతి రాసే ముందు ఆ ఆరు బైట్ల ప్రోగ్రాంను నీ ల్యాప్‌టాప్‌లో నడుపు. తరువాత అనుమతి మార్చే పంక్తిని తీసివేసి మళ్లీ నడిపి, తెర మీద ఏం కనిపించిందో ఉన్నదున్నట్లు వ్యాసంలో చేర్చు. వచ్చే ఆదివారం గుంటూరు నుంచి ఉదయం బండికి వచ్చేటట్లయితే ల్యాప్‌టాప్ కూడా తీసుకొని రా, ఆర్మ్ సంగతి మా మనవడి ఫోన్‌లో కలిసి చూద్దాం. వాడికి ముందే చెప్పి ఉంచుతాను.

ఆశీస్సులతో,
మీ మాస్టారు