స్ప్రింగు మధ్య నట్టు మాత్రం నువ్వు విప్పకు

అమ్మలూ,

కారు ముందు స్ప్రింగులు ఇంట్లోనే మార్చుకుంటానంటున్నావని మీ అమ్మ చెప్పింది. విన్నప్పటి నుంచి ఒకపక్క గర్వంగా ఉంది, ఒకపక్క టెన్షన్. ఫోన్లో చెబితే "సరే మామయ్యా, సరే మామయ్యా" అని పెట్టేస్తావు. అందుకే రాస్తున్నాను. మధ్యలో వదిలేయకుండా చివరిదాకా చదువు.

ఆడపిల్లవి, నీకెందుకీ గ్రీజు పనులు అని నేననను. గౌను వేసుకుని తిరిగే వయసులోనే, నేను చెయ్యి చాపితే ఏ స్పానరు కావాలో అడగకుండా చేతిలో పెట్టేదానివి. పని నీకు వస్తుంది. నా భయమంతా ఆ పనిలో ఒక్క ముక్క గురించే.

నీ బండి ముందు భాగంలో ఉండేది మెక్‌ఫర్సన్ స్ట్రట్. షాక్ అబ్జార్బరు, దాని చుట్టూ స్ప్రింగు, పైన బండి బాడీకి బిగించే మౌంటు, అన్నీ కలిపి ఒకే గొట్టంలా ఉంటాయి. ఆ స్ప్రింగును నొక్కి పట్టుకుని ఉండేది నడినెత్తిన ఉండే ఒకే ఒక్క నట్టు. బండి నుంచి స్ట్రట్ దించడం ఒక పని. దించాక ఆ నట్టు తీసి స్ప్రింగు మార్చడం ఇంకో పని. అందరూ ఈ రెండూ ఒకటే అనుకుని, ఇంట్లో చేయాలా, షెడ్డుకి ఇవ్వాలా అని తేల్చుకోలేక కూర్చుంటారు. మొదటిది నువ్వు చెయ్యి. రెండోది చేయించు. దించిన స్ట్రట్లు రెండూ పట్టుకెళ్లి, స్ప్రింగును నొక్కిపట్టే పెద్ద కంప్రెసర్‌ని గోడకో బల్లకో బిగించి పెట్టుకున్న షెడ్డులో ఇస్తే స్ప్రింగులు మార్చి చేతికిస్తారు. మొత్తం బండి ఇచ్చినదాంతో పోలిస్తే ఖర్చు చాలా తక్కువ. ఇంటికి తెచ్చి మళ్లీ నువ్వే బిగించుకో. స్ప్రింగు, షాక్, మౌంటు అన్నీ కలిపి ముందే బిగించిన స్ట్రట్ కొత్తది నీ బండికి దొరికితే ఆ బాధ కూడా లేదు.

ఎందుకింత పట్టుబడుతున్నానంటే లెక్క చూడు. చిన్న కార్ల ముందు స్ప్రింగును ఒక మిల్లీమీటరు నొక్కాలంటే సుమారు 2 నుంచి 3 కిలోల బలం కావాలి. 120 మిల్లీమీటర్లు నొక్కావనుకో, 240 నుంచి 360 కిలోల బలం నువ్వు తెచ్చే కంప్రెసర్ కొక్కేల మీదే ఆగి ఉంటుంది. నీ మొహానికి మూరెడు దూరంలో.

నేను పని నేర్చుకున్న షెడ్డులో ఒక పెద్దాయన ఉండేవాడు. సస్పెన్షన్ పని ఆయన చేతికి వెళ్తే ఇంకొకరు చూడక్కర్లేదనేవాళ్లు. ఒకరోజు సాయంత్రం, బండి ఓనరు పక్కనే నిలబడి గడియారం చూసుకుంటున్నాడు. పెద్దాయన మర కడ్డీల కంప్రెసర్ తీశాడు. నువ్వు అద్దెకి తెస్తానంటున్నది అదే రకం. రెండు కడ్డీలు, ఒక్కోదానికి కింద ఒకటి, పైన ఒకటి కొక్కేలు. వాటిని స్ప్రింగుకి సరిగ్గా ఎదురెదురుగా తగిలించాలి. ఒకటి కొంచెం, రెండోది కొంచెం, మార్చి మార్చి బిగించాలి. ఆ రోజు ఒక కొక్కెం ఎదురుగా పట్టడానికి చోటు కుదరక, కాస్త ఇవతలికి జరిపి తగిలించాడు. ఒక్కో కడ్డీనీ నట్లు బిగించే గన్‌తో గబగబా బిగించేశాడు.

స్ప్రింగు వంగింది. నేను చూశాను, ఆయనా చూశాడు. ఒకపక్క చుట్లు దగ్గరికొచ్చాయి, రెండోపక్క ఇంకా ఎడంగానే ఉన్నాయి. ఆయన ఒక్క క్షణం ఆగాడు కూడా. ఆగి, "చాల్లే, వచ్చేస్తుంది" అన్నాడు. నట్టు విప్పేముందు స్ప్రింగును చేత్తో పట్టుకుని ఊపి చూడాలి. స్ప్రింగు కొస ఆనే పై సీటు మీద ఒత్తిడి పోయి వదులుగా కదిలితేనే నట్టు ముట్టుకోవాలి. ఆ మాట నాకు నేర్పింది ఆయనే. ఆ సాయంత్రం ఆయన ఊపి చూడలేదు.

నట్టు చివరి మరలు దాటగానే మౌంటు ఎగిరి ఆయన ఎడమచేతికి తగిలింది. కొక్కెం జారి స్ప్రింగు వచ్చి గోడకి కొట్టుకుంది. తుపాకీ పేలిందేమో అని రోడ్డు మీద వాళ్లు లోపలికి పరిగెత్తుకొచ్చారు. మణికట్టు దగ్గర ఎముక ముక్కలైంది. ప్రాణానికేమీ కాలేదు. కానీ ఆ చెయ్యి మళ్లీ పూర్తిగా తిరగలేదు. ఆ తర్వాత కూడా రోజూ షెడ్డుకి వచ్చేవాడు, పక్కన కుర్చీలో కూర్చుని మాకు చెప్పేవాడు, స్పానరు మాత్రం కుడిచేత్తోనే. అంతటి పనివాడు బూటు లేసు కట్టుకోలేక మమ్మల్ని పిలిచేవాడమ్మా. తెలియక జరిగిందైతే నేర్పి సరిచేయొచ్చు. ఆయనకి తెలియనిది ఏమీ లేదు. తొందర, ఇన్నేళ్లుగా ఏమీ కాలేదన్న ధైర్యం, ఈ రెండే.

పైగా నీ స్ప్రింగు విరిగిందట కదా, స్టీరింగ్ తిప్పినప్పుడల్లా ఠక్‌మంటోందని మీ అమ్మ చెప్పింది. విరిగిన స్ప్రింగుకి కొక్కేలు మరీ చెడ్డగా పడతాయి. అందుకే అస్సలు వద్దంటున్నాను. ఇంకో సంగతి, విరిగిన ముక్క మొన టైరుని కోసేయగలదు. ఆ బండి వేసుకుని ఆఫీసుకి తిరగడం ఈరోజు నుంచే ఆపెయ్. ఇది తిట్టే అనుకో.

ఇక మిగతా పని నీదే. విరిగింది ఒకటే అయినా రెండు వైపులా మార్చు. వీల్ నట్లు బండి నేల మీద ఉండగానే వదులు చేసుకో. వెనక చక్రాలకి అడ్డం పెట్టు. బ్రేకు గొట్టాన్ని, ఏబీఎస్ వైరుని స్ట్రట్ నుంచి ముందే విడదియ్యి, లేకపోతే తెగుతాయి. కింద రెండు బోల్టులు తీశాక, చక్రం బిగించే హబ్ బయటికి ఒరిగిపోతుంది, దాని బరువు బ్రేకు గొట్టం మీద పడనివ్వకు, తాడుతో కట్టు. మరీ ఒరిగితే యాక్సిల్ జాయింటు లోపల ఊడొస్తుంది. బానెట్ ఎత్తితే చాలా కార్లలో పైన చుట్టూ మూడు చిన్న నట్లు, నడుమ ఒక పెద్ద నట్టు కనిపిస్తాయి. తీయాల్సింది ఆ చిన్నవే. కొత్తవాళ్ల చెయ్యి ముందు పెద్దదాని మీదికే పోతుంది, నీది పోకూడదు.

షెడ్డుకి ఇచ్చాక అక్కడే నిలబడి చూడు. స్ప్రింగు కింది కొస సీటులో ఉన్న మెట్టుకి ఆనిందా, మౌంటు మొదట ఉన్న వైపుకే తిరిగి ఉందా, నడుమ నట్టు కొత్తది వేశారా అని చూసుకో. మౌంటు బేరింగు, బంప్ స్టాపు, దుమ్ము తొడుగు ఎలాగూ బయటికొస్తాయి, అరిగుంటే అప్పుడే మార్పించు. అడగడానికి మొహమాటపడకు, డబ్బిచ్చేది నువ్వు. అంతా బిగించాక వీల్ అలైన్‌మెంట్ తప్పనిసరి. అది చేయించకపోతే టైర్లు ఒకవైపే అరుగుతాయి.

వెనక స్ప్రింగులైతే ఇంత రాసేవాణ్ణి కాదు. చాలా చిన్న కార్లలో అక్కడ స్ప్రింగు, షాక్ వేరువేరుగా ఉంటాయి. కింద జాకీ ఆనించి, షాక్ బోల్టులు తీసి, జాకీని మెల్లగా దించితే స్ప్రింగు వదులై చేతికొచ్చేస్తుంది. అవి మార్చాల్సిన రోజు వస్తే మొత్తం నువ్వే చేసుకుందువుగాని.

జాకీ గురించి నీకు తెలుసు. తెలిసినా చెబుతాను. జాకీ బండిని ఎత్తడానికే, మొయ్యడానికి కాదు. స్టాండ్లు పెట్టకుండా చెయ్యి కూడా లోపల పెట్టొద్దు. రాత్రిపూట పెట్టుకోకు, ఒంటరిగా అసలే పెట్టుకోకు. పని తెలిసినవాళ్లే ఉండక్కర్లేదు, పిలిస్తే పలికేవాళ్లు ఒకరుంటే చాలు. నీ వేళ్లు చిన్నప్పుడు ఎంత సన్నగా ఉండేవో నాకు ఇంకా గుర్తే. ఈ వయసులో ఇలాంటివే గుర్తొస్తున్నాయి, ఏం చేయను.

కొనేముందు పాత స్ప్రింగుల మీది రంగు గీతలు, స్టిక్కరు కనిపించేలా ఫోటో తీసి పంపు. కొన్ని బండ్లకి కుడి, ఎడమ స్ప్రింగులు వేరుగా ఉంటాయి. పని పెట్టుకున్న రోజు పొద్దున్నే వీడియో కాల్ చెయ్యి. స్టాండ్ల మీద బండిని ఊపి నాకు చూపించాకే చక్రం తియ్యాలి.

ప్రేమతో,
మామయ్య